చలి పొద్దుల్లో ఆరుబయట

మా ఆయన కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన మధ్యాహ్నం పూట ఇంట్లో అన్నం తిన్నది తక్కువ. వేమూరు వైపో కొల్లూరు వైపో కాలవ గట్టు మీద క్యారేజీ విప్పుకుని, పక్కన పనివాళ్ళు తమ క్యారేజీలు విప్పితే కూరలు మార్చుకుని, కబుర్లు చెప్పుకుంటూ తినేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ కొల్లూరాయన అరటిపువ్వు కూర తెచ్చాడు. నువ్వు చేసేదాని కంటే బాగుంది" అని, నేను మూతి ముడిస్తే నవ్వేవారు. ఆయనకు తిండి ఎంత ఇష్టమో, నలుగురితో కలిసి తినడం అంతకంటే ఇష్టం.

రిటైరైన కొన్నాళ్ళకు కుడిచేతికి వణుకు మొదలైంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మామూలుగానే ఉండేది. గ్లాసు ఎత్తబోయినా, ముద్ద నోటిదాకా తేబోయినా వణికేది. మొదట నీరసం అనుకున్నాం. తర్వాత వయసు అనుకున్నాం. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని టీ తాగడం ఆయన నేర్చుకున్నారు. చూసీ చూడనట్టు ఉండడం నేను నేర్చుకున్నాను.

అలా ఉండగా మా ఊరు తెనాలిలోనే మా బంధువులింట్లో పెళ్ళి జరిగింది. ఫంక్షన్ హాల్లో బఫే భోజనం. ఎడంచేత్తో ప్లేటు పట్టుకుంటే కుడిచేతికి ఆసరా ఉండదు. ఆయన సాంబారు గరిటె ఎత్తేసరికి అది ఊగి, పక్కనున్నావిడ పట్టుచీర మీద ఒలికింది. ఆవిడ మంచి మనిషి. "పర్లేదండి అన్నయ్యగారూ, ఉతికితే పోద్ది" అంది. మేం పక్కకి వస్తుంటే వెనక ఎవరో మెల్లగా అన్నారు, "పొద్దున్నే పుచ్చుకుని వచ్చినట్టున్నాడు." ఇంకో గొంతు నవ్వింది.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఆయన చర్చి సంఘంలో పెద్ద. జీవితంలో మందు చుక్క ముట్టని మనిషి. ఆ మాట మేమిద్దరం విన్నాం. ఆయన ప్లేటు తీసుకెళ్ళి ఎంగిలి ప్లేట్ల తొట్టిలో పెట్టి, చేతులు కడుక్కుని, గేటు దగ్గర నా కోసం నిలబడ్డారు.

ఆ తర్వాత ఎవరు పిలిచినా ఏదో ఒక సాకు చెప్పేవారు. క్రిస్మస్‌కి ముందు మా చర్చి ఆవరణలో సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమ విందు జరుగుతుంది. భోజనాల బంతుల మధ్య తిరుగుతూ వడ్డించడంలో ఆయన ముందుండేవారు. ఆ ఏడు ఆరాధన అయిపోగానే ఇంటికొచ్చేశారు. నెమ్మదిగా నాతో కూడా తినడం మానేశారు. "నువ్వు తినేసెయ్, నాకింకా ఆకలి కాలేదు" అనేవారు. నేను తిని లేచాక కంచం గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. నేను వంటింట్లో నిలబడితే కంచానికి చెయ్యి తగిలి గలగలమన్న చప్పుడు వినిపించేది. తర్వాత తుడిచే చప్పుడు. కింద పడ్డ మెతుకులు నా కంటపడకుండా ఆయనే ఏరి తుడిచేవారు.

నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. మాటలకు లోటు లేదు. కానీ ఆ తలుపు తోసి లోపలికెళ్ళి ఏమనాలో నాకు తెలియలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "వెళ్తే ఏదో ఒకటి అంటాడు. అనకుండా ఉంటేనే బాగుంది" అనేవారు. ఆయన భయం నాకు అర్థమైంది. నాకూ అదే భయం.

మరుసటి చలికాలానికి ఎలాగో ఒప్పించాను. గుంటూరులో నరాల డాక్టరు దగ్గర పొద్దున్నే పేరు రాయించుకోవాలి కాబట్టి తెల్లవారుతూనే బస్సెక్కాం. ఆ రోజు మంచు ఎంతగా దిగిందంటే, పక్కన పొలాలున్నాయో చెరువులున్నాయో తెలియడం లేదు. చేబ్రోలు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపేశాడు. "ముందేం కనపడట్లా. కాస్త తేటపడేదాకా ఇంతే. దిగేవాళ్ళు దిగండి" అన్నాడు.

దిగితే రోడ్డు పక్కనే ఇడ్లీ బండి ఉంది. మంచులో బండి కనిపించలేదు గానీ బల్బు వెలుగూ, ఆవిరీ కనిపించాయి. బస్సులో వాళ్ళందరూ అటే నడిచారు. శాలువాలు, మఫ్లర్లు, మంకీ క్యాపులు, తువ్వాళ్ళు. ఎవరి ముఖమూ సరిగ్గా తెలియడం లేదు. ఆయన కాసేపు బస్సు పక్కనే నిలబడ్డారు. కానీ ఆ రోజు ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరాం. అల్లం పచ్చడి వాసన మా దాకా వస్తోంది. చివరికి ఆయనే బండి దగ్గరికెళ్ళి ఒక ప్లేటు తీసుకున్నారు. ఏడాది తర్వాత ఆయన నలుగురి మధ్య ప్లేటు పట్టుకోవడం అదే మొదలు. నేను నా ప్లేటు తీసుకుని, కావాలని రెండడుగులు దూరంగా నిలబడి, మంచులోకి చూస్తున్నట్టు నటించాను.

ఆయన ప్లేటు ఊగుతోంది. పక్కన మంకీ క్యాపు పెట్టుకున్న రైతొకాయన చేతిలో ప్లేటు కూడా ఊగుతోంది. అవతల ఒకావిడ పళ్ళు కటకటలాడుతున్నాయి. రైతు ప్లేటులోంచి పచ్చడి జారి తన తువ్వాలు మీదే పడింది. అతను దాన్ని వేలితో తీసి నాక్కుని, మా ఆయన వైపు తిరిగాడు.

"చేతులు నా మాట వినట్లేదండి బాబూ. ఇదేం చలండి."

మా ఆయన, "నావీ అంతేనండి" అన్నారు.

"మీరు నాకంటే నయం. పచ్చడి మీద పోసుకోలా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన ఇడ్లీ ముక్క నోటిదాకా తీసుకెళ్ళారు. కొంత పడింది. ఎవరూ చూడలేదు. ఆ చలిలో అందరి చూపూ తమ ప్లేటులో పొగలు కక్కే ఇడ్లీ మీదే ఉంది. ఆయన ఇంకో ప్లేటు అడిగి తీసుకున్నారు. నేను మంచు వైపే చూస్తూ ఉన్నాను గానీ కళ్ళనిండా నీళ్ళు. పక్కనావిడ, "పచ్చడి ఘాటుగా ఉందాండి?" అని అడిగింది. అవునన్నాను.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. కాగితం మీద గీతలు గీయించాడు, గ్లాసుతో నీళ్ళు ఎత్తించాడు. "భయపడాల్సింది కాదండి. ఇది వణుకు జబ్బే, ప్రాణం మీదికి తెచ్చేది కాదు. బిళ్ళలతో కొంత తగ్గుద్ది, మొత్తం పోదు. నలుగురూ నన్నే చూస్తున్నారనుకుంటే ఎక్కువవుద్ది. కాఫీ, టీలు తగ్గించండి" అన్నాడు. తిరిగి వస్తూ ఆయన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయారు. అంత ప్రశాంతంగా నిద్రపోవడం నేను చూసి చాలా రోజులైంది.

మర్నాడు నేను లేచేసరికి ఆయన స్వెట్టరు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని వరండాలో కూర్చున్నారు.

"అలా బయటికెళ్ళి టిఫిన్ చేసొద్దామా?" అన్నారు.

"ఇంట్లో పిండి ఉందిగదండీ."

"ఉండనీ. చలిగా ఉంది, వేడివేడిగా అక్కడే తిందాం."

నాకు సంగతి అర్థమైంది. చలి ఉన్నన్నాళ్ళూ ఆయనకో అండ దొరికింది. కానీ ఇబ్బంది నాకు వచ్చిపడింది. మా అమ్మ కూడా క్రైస్తవ మిషను బడిలో టీచరే. రోడ్డు మీద నిలబడి తినడం ఆడవాళ్ళకు, అందులోనూ టీచర్లకు తగదని ఆమె మాకు చిన్నప్పుడే చెప్పింది. ఆ మాట నాలో ఎంతగా నాటుకుపోయిందంటే, రిటైరైనా కూడా బయట నిలబడి ఒక బజ్జీ తినలేదు. చేబ్రోలులో తినలేదా అంటే, అక్కడ నన్నెవరూ ఎరగరు. తెనాలిలో సగం ఊరు నా దగ్గర చదువుకున్నదే.

అయినా వెళ్ళాను. మేం ఎంచుకున్న బండి కాలవ పక్కన, పిట్టగోడను ఆనుకుని ఉంటుంది. నడివయసావిడ నడుపుతుంది. నీళ్ళ మీద నుంచి ఆవిరిలా మంచు లేస్తుంటుంది. పెసరట్టు పెనం మీద పడినప్పుడు వచ్చే చుయ్‌మన్న చప్పుడు, చన్నీళ్ళు తాగలేనివాళ్ళ కోసం గిన్నెలో కాచి పెట్టిన గోరువెచ్చని నీళ్ళు, కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకునే మనుషులు. ఇంట్లో అదే పెసరట్టు నేనే వేస్తాను. కానీ వేసి, వడ్డించి, నేను తినేసరికి అది చల్లారి తోలులా సాగుతుంది. పెనం మీద నుంచి నేరుగా నా ప్లేటులోకి పడిన అట్టు నేను ఎన్నేళ్ళ తర్వాత తిన్నానో.

మొదటి రోజుల్లో శాలువా ముక్కుదాకా లాక్కుని, గోడ వైపు తిరిగి తినేదాన్ని. ఒకరోజు స్కూటీ ఆగింది. హెల్మెట్ తీసిన అమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. నన్ను చూసి నమస్కారం పెట్టి, "టీచరుగారూ, మీరు ఇక్కడ తింటారాండి?" అంది.

"తింటానమ్మా. నువ్వు?" అన్నాను.

"రోజూ తింటానండి. ఇంట్లో అందరికీ వండిపెట్టి, బాక్సులు కట్టి వచ్చేస్తా. ఇక్కడైతే నాకొకళ్ళు పెడతారు." ప్లేటు తీసుకుని నా పక్కనే గోడకానుకుని నిలబడింది. "ఈ కాసేపూ నాదండి" అంది నెమ్మదిగా.

ఆమె వెళ్ళాక ఆ మాట గురించే ఆలోచించాను. మా అమ్మ ఎప్పుడైనా ఒకరు పెడితే వేడిగా తిన్నదా అని గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. మర్నాటి నుంచి నేను గోడ వైపు తిరగడం మానేశాను.

ఆయన ప్లేటు పిట్టగోడ మీద పెట్టుకుని తినేవారు. డాక్టరు టీ తగ్గించమన్నాడు కాబట్టి, "సగం గ్లాసు పొయ్యమ్మా" అని అడిగేవారు. బండావిడ, "బాబాయిగారికి సగం, పిన్నిగారికి నిండుగా" అంటూ పోసేది. సగం గ్లాసైతే ఒలకదు కూడా. డాక్టరు మాట వల్ల అడిగేవారో, ఒలకదని అడిగేవారో నేను ఎప్పుడూ అడగలేదు. తిన్నాక కాలవ వెంట కాస్త నడిచేవాళ్ళం. ఏ కాలవ ఎక్కడ చీలి ఏ ఊరికి వెళ్తుందో ఆయన మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం ఇంకా గదిలోనే తినేవారు.

కొత్త సంవత్సరం వచ్చాక రేపల్లెలో ఉండే మా వదిన, అంటే ఆయన అక్క, ఫోన్ చేసి కోప్పడింది. "క్రిస్మస్‌కి రాలా, కిందటేడూ రాలా. నేను పోయాక వస్తారా?" అంది. రైల్లో వెళ్ళాం. తేగల కట్టలు అమ్ముతుంటే కొని, ఇద్దరం దారిపొడుగునా ఒలుచుకుంటూ తిన్నాం. వేళ్ళతో ఒలుచుకునేది కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు.

ఆమెకు ఈ వణుకు సంగతి తెలియదు. చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. మధ్యాహ్నం ఆమె లోపల బల్ల మీద కంచాలు పెడుతుంటే ఆయన, "అక్కా, పెరట్లో ఎండలో తిందాం, లోపల చలిగా ఉంది" అన్నారు. ఆమె సంతోషించింది. పెరట్లో చాప వేసి, చిక్కుడుకాయ పచ్చిరొయ్యల కూర, ఉలవచారు తెచ్చి పెట్టింది. నేను గమనించింది ఆయన గమనించలేదు. ఆ ఎండ వెచ్చగా ఉంది. అందులో కూర్చున్న ముగ్గురిలో చలికి వణకవలసిన అవసరం ఎవరికీ లేదు.

మొదటి ముద్దకే సగం చాప మీద పడింది. రెండో ముద్ద చొక్కా మీద పడింది. వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఏంట్రా, ఆ చెయ్యి అట్లా ఉంది?"

ఆయన తల ఎత్తలేదు. "కొన్నాళ్ళ నుంచి ఇంతే అక్కా."

"నాకు చెప్పకూడదూ?"

ఆమె ఆయన కంచం తన ముందుకు లాక్కుని అన్నం కలిపి ముద్ద చేసింది. "నోరు తెరువు" అంది. చిన్నప్పుడు తల్లి పోతే ఈ తమ్ముణ్ణి పెంచింది ఆమే.

"వద్దక్కా" అన్నారు ఆయన. గొంతు మెత్తగానే ఉంది. "నేనే తింటా. కాస్త ఆలస్యం అవుద్ది, కాస్త పడుద్ది. అంతే."

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని తన నోట్లో పెట్టుకుంది. ఆయన చొక్కా మీది మెతుకు దులుపుకుని మళ్ళీ కలుపుకున్నారు. చాప మీద పడ్డ అన్నం కోసం పెరట్లో తిరిగే కోడి ఒకటి వచ్చింది. నేను దాన్ని అదిలించబోతే వదిన ఆపింది. "పడింది అది తింటది, పళ్ళెంలోది వాడు తింటాడు. నువ్వు తిను" అంది. ఆయన నవ్వారు. ఆ వేళ ఆయన తినడం అయ్యేసరికి మా ఇద్దరి చేతులూ ఎండిపోయాయి. అయినా ఎవరమూ లేవలేదు. ఆమె ఊళ్ళో సంగతులు చెబుతూ కూర్చుంది, ఆయన వింటూ తిన్నారు.

ఇంటికొచ్చిన రోజు నేను వంటింట్లో వడ్డించుకుంటుంటే ఆయన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. నేను అన్నం పెట్టాను. ఆయన తిన్నారు.

ఫిబ్రవరి వచ్చేసరికి మంచు పలచబడింది. నాలో కొత్త దిగులు మొదలైంది. చలి పోతే ఈయన మళ్ళీ బండి దగ్గరికి వస్తారా అని. ఒక్కొక్కరే స్వెట్టర్లు మానేశారు. శాలువాలు భుజాల మీదికి జారాయి. ఒకరోజు చూస్తే అక్కడ నిలబడ్డవాళ్ళలో వణుకుతున్న చెయ్యి ఒక్కటే, మా ఆయనది. ఆయనకూ అది తెలుసు. పక్కన కొత్త మనిషి ఒకతను, కుర్రాడేం కాదు, నలభై దాటినవాడు, సరదాకే అన్నాడు, "ఏంటి బాబాయిగారూ, రాత్రి ఎక్కువైందా?"

ఫంక్షన్ హాల్లో లాగే ఆయన ప్లేటు పెట్టేసి వెళ్ళిపోతారనుకున్నాను.

ఆయన గ్లాసు గోడ మీద పెట్టి, అతని వైపు పూర్తిగా తిరిగారు. "లేదయ్యా. నాకు వణుకు జబ్బుంది. బిళ్ళలు వాడుతున్నా. తాగుడు అలవాటు లేదు."

అతని ముఖం మాడిపోయింది. "అయ్యో, ఏమనుకోకండి. తెలీక అన్నానండి."

"ఏమీ అనుకోను. అడిగావు కాబట్టి చెప్పా. నీ అట్టు చల్లారుతోంది, తిను."

అతను తిన్నాడు. మా ఆయన గ్లాసు మళ్ళీ ఎత్తుకున్నారు. అంతే. లోకం తలకిందులు కాలేదు. బండావిడ వినలేదో, విన్నా విననట్టు ఉందో, తర్వాతి అట్టు తిరగేసింది. ఏడాది పాటు ఆయన్ని గదిలో పెట్టి తలుపు మూసిన మాటకు జవాబు ఇంత చిన్నదా అనిపించింది నాకు. అది చిన్నదేమీ కాదు. ఆయన ఎక్కడి నుంచి అక్కడికి నడిచి వచ్చారో నాకు తెలుసు.

ఆ నెలాఖర్లోనే సముద్రం చూద్దామని బాపట్ల వెళ్ళాం. పొద్దున్నే తీరానికి చేరేసరికి గాలి ఇంకా చల్లగానే ఉంది. పడవలు ఒడ్డుకు వచ్చి, వలలు విదిలిస్తున్నారు. తాటాకు పందిరి కింద ఒక బెస్తావిడ చందువా చేపలకు కారం పట్టించి పెనం మీద వేయిస్తోంది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె చేపను కాగితం ప్లేటులో పెట్టి ఇస్తే అది గాలికి ఎగరబోయింది. ఆమె పరుగున వెళ్ళి ఇంట్లో వాడే స్టీలు గిన్నె తెచ్చి అందులో వేసి ఇచ్చింది.

ఆయన చేపను కాసేపు చూశారు. నలుగురైదుగురు మా చుట్టూ కూర్చుని తింటున్నారు. ఆయన గిన్నె నా వైపు జరిపి, అందరికీ వినబడేలా, మామూలు గొంతుతో అన్నారు. "ఇందులో ముల్లు ఏరడం నా వల్ల కాదే. కాస్త తీసిపెట్టు."

అక్క పెట్టబోతే వద్దన్న మనిషి అడిగి మరీ పెట్టించుకుంటున్నారు. ఆ రెంటికీ తేడా ఏంటో నాకు అప్పుడే తెలిసింది. వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ నేను ముల్లు తీసి ముక్కలు పెడుతుంటే ఆయన తీరిగ్గా తిన్నారు. కొంత ఇసుకలో పడింది.

ఆ తర్వాత అంతా సుఖంగా సాగిపోయిందని చెప్పను. బిళ్ళలు కొన్ని రోజులు పనిచేస్తాయి, కొన్ని రోజులు చెయ్యవు. కొన్ని పెళ్ళిళ్ళకు వెళ్తారు, కొన్నింటికి ఓపిక లేదంటారు. బఫే అయితే కుర్చీ వేయించుకుని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, స్పూను అడుగుతారు. ఎవరైనా అడిగితే జబ్బు పేరు చెప్తారు.

ఆ పొద్దున మాత్రం బెస్తావిడ మా గిన్నె ఖాళీ అవడం చూసి, "ఇంకోటి వెయ్యనా పెద్దాయనా?" అని అడిగింది. ఆయన నా వేళ్ళ వైపు చూశారు, పొయ్యి వైపు చూశారు.

"రెండు వెయ్యమ్మా. మా ఆవిడ ఇంకా ఏమీ తినలేదు" అన్నారు.